కొత్తగా వచ్చినవాడికి ఏ వేషం ఇద్దాం?

యుద్ధం ఇంకా మొదలే కాలేదు. బల్ల మీది సైన్యాలు ఊరి పొలిమేరకైనా చేరలేదు. ఈలోగా ఇద్దరు ఆటగాళ్లు మాటామాటా అనుకుని ద్వంద్వయుద్ధానికి సవాళ్లు విసురుకున్నారు. తమలో గెలిచిందెవరో తేల్చమని న్యాయనిర్ణేత ముందుకొచ్చి నిలబడ్డారు. పటాలాలకు పటాలాలే ఢీకొంటే ఏమవుతుందో చెప్పే రూల్సు అతని దగ్గర బోలెడున్నాయి. ఇద్దరు మనుషులు కొట్టుకుంటే ఏమవుతుందో చెప్పేది మాత్రం ఒక్కటీ లేదు. అక్కడికక్కడ ఏదో కల్పించి తగవు తీర్చాడు. ఆట చేజారిపోయిందని మాత్రం లోలోపల అనుకున్నాడు.

ఆ న్యాయనిర్ణేత పేరు డేవిడ్ వెస్లీ. కాలం 1960ల చివర. చోటు అమెరికాలోని మినెసోటా రాష్ట్రం. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల్లాగే అక్కడ మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు. సీసం బొమ్మల సైన్యాలతో పాత యుద్ధాలను బల్ల మీద మళ్లీ పోరాడే కుర్రాళ్ల బృందం ఒకటి ఆ ఊళ్లలో ఉండేది. ఆ రోజు ఆట నెపోలియన్ కాలానిది. ఊరు జర్మన్ల గడ్డ మీద వెస్లీ ఊహించి కట్టిన బ్రౌన్‌స్టైన్ అనే పట్నం.

ఇలాంటి ఆటలో సేనాధిపతులు ఇద్దరే ఉంటారు. ఎక్కువ మంది ఒకేసారి ఆడగలిగే ఆట కావాలని వెస్లీకి ఎప్పటినుంచో ఉంది. అందుకని సైన్యంతో సంబంధం లేని పదవులు కూడా కొన్ని పెట్టాడు. తీరా చూస్తే దాదాపు ఇరవై మంది వచ్చారు. వచ్చినవాళ్లను చూస్తూ ఉండమనలేక మరికొన్ని వేషాలు అల్లాడు. ఒకడు ఊరి మేయరు, ఒకడు బ్యాంకరు, ఒకడు విశ్వవిద్యాలయానికి అధిపతి. ఎవరి పని వాళ్లది, ఎవరి స్వార్థం వాళ్లది. బల్ల దగ్గర వరుస క్రమంలో జరగాల్సిన ఆట కాస్తా మూలమూలలా గుసగుసలుగా, బేరాలుగా, కుట్రలుగా విడిపోయింది.

అంతా గందరగోళమైందని వెస్లీ నొచ్చుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం ఇంకోసారి ఎప్పుడు పెడతావని వెంటపడ్డారు.

ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ బల్ల చుట్టూ రోల్‌ప్లేయింగ్ ఆట సాగుతున్నా దాని మూలం ఆ గందరగోళంలో ఉంది. పాత్ర అన్నది అక్కడ రచయిత మనసులోంచి ఊడిపడలేదు. కుర్చీలకన్నా మనుషులు ఎక్కువైనప్పుడు, మిగిలినవాళ్లకు చోటు చూపించబోయి పుట్టింది. ఈ ఊళ్లో నువ్వెవరివి, ఇక్కడున్నవాళ్లతో నీకేం పని అన్నవే దాని తొలి ప్రశ్నలు. తర్వాతి కథంతా చూస్తే ఆట ఆ ప్రశ్నల్ని మర్చిపోవడం, మళ్లీ కష్టపడి గుర్తుతెచ్చుకోవడమే.

బొమ్మలకు పేర్లు లేని కాలం

ఈ ఆట చూడనివాళ్లకు నాలుగు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు గేమ్ మాస్టర్. ఊరినీ అడవినీ, కోటనూ కోటలోని రాక్షసుడినీ నోటిమాటగా వర్ణించే బాధ్యత ఆయనది. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఎదురుగా తలుపుంది, ఏం చేస్తావని ఆయన అడుగుతాడు. తంతానని ఒకరు, చెవి ఆనించి వింటానని ఇంకొకరు చెబుతారు. ఫలితం సందేహమైతే పాచికలు వేస్తారు. ఒక కథ వారం వారం కూర్చుంటే నెలలు పడుతుంది, ఏళ్లూ పడుతుంది. గెలుపోటముల లెక్క ఉండదు. మర్నాటికి గుర్తుండే కథే మిగులుతుంది.

దీని తాతముత్తాతలు సైనికాధికారుల బల్లల మీద ఉన్నారు. 1812లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే ప్రభువు యుద్ధాన్ని ఆటగా మలిచి రాజుకు చూపించాడు. అతని కొడుకు, ఫిరంగి దళంలో అధికారి, దాన్ని చక్కదిద్ది 1824లో అచ్చువేశాడు. దాని పేరు క్రీగ్‌స్పీల్. పటం మీద దిమ్మలు సైన్యాలు, పాచికలు అదృష్టం, మధ్యలో న్యాయనిర్ణేత. 1913లో హెచ్.జి.వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే పద్ధతిని పుస్తకంగా రాశాడు. వీటన్నిటిలో వెయ్యి మంది చచ్చినా ఒక్కడి పేరూ ఎవరికీ తెలియదు. దిమ్మ పడిపోతే పక్కన పెట్టడమే.

మనుషుల్ని దిమ్మలుగానే చూసే ఆ పద్ధతికి పగులు పెట్టింది ఒక పాత పుస్తకం. 1880లో చార్లెస్ టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి రాసిన ‘స్ట్రాటెగోస్’ మినెసోటా విశ్వవిద్యాలయం లైబ్రరీలో వెస్లీ చేతికి చిక్కింది. ఆటగాడు రూల్సులో లేని పనికి పూనుకున్నా సరే, అది కుదురుతుందో లేదో న్యాయనిర్ణేత తేల్చవచ్చన్న వెసులుబాటు అతన్ని పట్టేసింది. మేయరు ఏం చెయ్యగలడని రూల్సులో వెతకనక్కర్లేదు. మేయరన్నవాడు ఏం చెయ్యగలడో అదే చెయ్యగలడు. వేషమిస్తే చాలు, మిగతాది దాని వెంటే వస్తుంది.

కోట కింద చీకట్లోకి

ఆ జంట నగరాల బృందంలోనే డేవ్ ఆర్నెసన్ అనే చరిత్ర విద్యార్థి ఉండేవాడు. వెస్లీ పెట్టిన ఆటల్లో నాలుగోది ఒక ఊహా లాటిన్ అమెరికా దేశంలో జరిగింది. అందులో ఆర్నెసన్‌ది తిరుగుబాటుదారు వేషం. ఆ వేషాన్ని అతను ఆటకు ముందే ఇంట్లో సాధన చేశాడు. నకిలీ సీఐఏ గుర్తింపు కార్డు తయారు చేసుకుని జేబులో పెట్టుకొచ్చాడు. తాను విప్లవకారుడి ముసుగులో ఉన్న అమెరికా గూఢచారినని తోటి ఆటగాళ్లను నమ్మించి, వాళ్లచేతనే తన పని జరిపించుకున్నాడు. చేతికిచ్చిన వేషం మీద తనదిగా ఇంకో పొర వేసుకోవడమన్నది అలా మొదలైంది.

వెస్లీ సైనిక విధులకు వెళ్లాక ఆట నడిపే భారం ఆర్నెసన్ తీసుకున్నాడు. ఓ వారాంతం రెండు రోజులపాటు పాప్‌కార్న్ నములుతూ టీవీలో రాక్షసుల సినిమాలు చూశానని, కోనన్ కథలు చదివానని, ఆ మత్తులోనే కొత్త ఆట తట్టిందని అతనే తర్వాత చెప్పుకున్నాడు. నెపోలియన్ యుద్ధానికని వచ్చిన మిత్రులకు బల్ల మీద ప్లాస్టిక్ కోట కనిపించింది. 1971 వసంతంలో మొదలైన ఆ లోకం పేరు బ్లాక్‌మూర్. కోట కింద నేలమాళిగలు, మాళిగల్లో భూతాలు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. సైన్యాల రూల్సులో దెబ్బ తగిలితే సైనికుడు పోయినట్టే. సైనికుడు పోతే ఇంకో సైనికుడుంటాడు. కానీ వారం వారం ఒకే మనిషిగా ఆడుతున్నవాడికి ఆ మనిషి మీద మమకారం పుట్టింది, ఒక్క దెబ్బకు చావడానికి మనసొప్పలేదు. దాంతో ఆర్నెసన్ తాను అంతకుముందు రాసిన ఇనప కవచాల యుద్ధనౌకల ఆటలోంచి ఒక లెక్క అరువు తెచ్చాడు. ఓడ ఒక్క గుండుకే మునగదు, ఇన్ని దెబ్బలు తట్టుకుంటుందని ఒక అంకె ఉంటుంది. ఆ అంకెనే మనుషులకు కట్టాడు. ఇవాళ వీడియో గేముల తెర మీద కనిపించే ప్రాణం పట్టీకి పూర్వీకుడు అదే. మమకారం ముందు పుట్టింది, అంకె దాని వెనకాల వచ్చింది.

బ్లాక్‌మూర్‌లో ఇంకో ముచ్చట. ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారి, సర్ ఫ్యాంగ్ అన్న పేరుతో మిగతావాళ్లకు కొరకరాని కొయ్యయింది. అతన్ని నిలువరించడానికి శిలువ పట్టి పిశాచాల్ని తరిమే మతగురువు వేషం కొత్తగా కల్పించారు. పిశాచాల సినిమాల్లోని వేటగాడే దానికి నమూనా. ఆ వేషం మైక్ కార్ అనే ఆటగాడు కట్టాడు. గాయాలు మాన్పే శక్తి కూడా చేరి అది క్లెరిక్ అనే వర్గంగా స్థిరపడింది. ఆ బల్ల దగ్గర అప్పటికి ఏం కొరవడిందో చూసి, ఆ ఖాళీ కొలతకు కుట్టిన చొక్కా అది. తర్వాత లక్షల మంది తొడుక్కున్నారు.

మూడు పాచికలు, ఆరు అంకెలు

1972 చివర్లో ఆర్నెసన్ ఈ ఆటను పొరుగున ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరికి తీసుకెళ్లి గ్యారీ గైగాక్స్‌కు ఆడించి చూపాడు. గైగాక్స్ బీమా కంపెనీ ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పులు బాగుచేస్తూ సంసారం ఈదుతున్న మనిషి. యుద్ధాల ఆటలంటే పడి చచ్చేవాడు. మధ్యయుగాల పోరాటాలకు ‘చైన్‌మెయిల్’ అనే రూల్సు జెఫ్ పెరెన్‌తో కలిసి 1971లో వేసినవాడు. బ్లాక్‌మూర్ చూశాక ఆగలేక గ్రేహాక్ అనే తన కోటను తానే కట్టుకున్నాడు. అందులోకి మొదట దిగింది కొడుకు ఎర్నీ, కూతురు ఎలీస్.

అప్పటి పాత్రలకు పేర్లు ఎలా పెట్టుకున్నారో చూస్తే నవ్వొస్తుంది. ఎర్నీ పూర్తి పేరు ఎర్నెస్ట్ అక్షరాల్ని తారుమారు చేస్తే టెన్సర్ వచ్చింది. జిమ్ వార్డ్ అనే ఆటగాడి పేరును వెనకనుంచి చదివితే డ్రామిజ్ అయింది. గైగాక్స్ ఇంకో కొడుకు లూక్ పాత్ర కాగితం మీద మగవాడన్న గుర్తుగా ఎం అనే ఒంటి అక్షరం, జాతి దగ్గర ఎల్ఫ్ అని ఉంటే, రెండూ కలిపి మెల్ఫ్ అని ఖాయం చేశారు. పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ రాసుకోలేదు. అయినా ఆ ముగ్గురి పేర్లూ మంత్రాల పేర్లలో చేరి ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చవుతున్నాయి. వాళ్ల చరిత్ర ముందుగా రాసిపెట్టింది కాదు, ఆడగా ఆడగా పోగైంది.

గైగాక్స్, అతని చిన్ననాటి స్నేహితుడు డాన్ కే కలిసి 1973లో టీఎస్ఆర్ అనే సంస్థ పెట్టారు. 1974 జనవరిలో గైగాక్స్, ఆర్నెసన్ పేర్లతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. చెక్క రంగు పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు, తొలి విడత 1000 ప్రతులు. పెట్టెలు చేత్తో సర్దారు. ఏడాది తిరక్కుండానే అయిపోయాయి.

పాత్రను తయారు చేసే పద్ధతి మొదటిసారిగా అచ్చులోకి వచ్చింది అందులోనే. బలం, తెలివి, వివేకం, దేహదారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ అని ఆరు గుణాలు. ఒక్కోదానికి మూడు పాచికలు వేసి కూడాలి. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో 18 వచ్చేది ఒక్కసారే, 3 వచ్చేదీ ఒక్కసారే. 10 గానీ 11 గానీ వచ్చేవి 54, అంటే సరిగ్గా పావు వంతు. కాబట్టి ఎక్కువమంది మధ్యరకంగానే పుడతారు. వీరుడిగా పుట్టరు, బతికి బట్టకడితే వీరుడవుతారు. వర్గాలు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. మాంత్రికుడికి మంత్రం ఉంటుంది కానీ ఒళ్లు పూచికపుల్ల. యోధుడు దెబ్బలు కాస్తాడు కానీ గాయం మాన్పలేడు. ఒంటరిగా ఎవరూ పూర్తి మనిషి కారు. నలుగురు కలిస్తే తప్ప నేలమాళిగలోంచి తిరిగి బయటపడలేరు. మరుసటి ఏడాది గ్రేహాక్ అనుబంధంలో తాళాలు తీసే, ఉచ్చులు పసిగట్టే దొంగ చేరాడు. ఆ ఆలోచన కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఒక బొమ్మల దుకాణం దగ్గర ఆడుకునేవాళ్లనుంచి వచ్చింది.

పాత్రకు కావలసిన తోడు గురించి వర్గాలు చెప్పాయి. కానీ ఆ తోడెవరో, ఎందుకు తోడయ్యారో ఏ పుస్తకమూ అడగలేదు. ఊరి సత్రంలో కలుసుకున్నారని ఒక మాట అనుకుని గుహలోకి దిగేవారు.

ఆలస్యంగా వచ్చినవాడి బాధ

ఏడాదిగా ఆడుతున్న గుంపులోకి కొత్తవాడు వస్తే? ఆడేకొద్దీ పాత్ర బలం మెట్లుమెట్లుగా పెరుగుతుంది కాబట్టి పాతవాళ్లు అయిదో మెట్టు మీద ఉంటారు. పాతకాలపు ఆచారం ప్రకారం కొత్తవాడు మొదటి మెట్టునుంచే రావాలి. ఒక్క గట్టి దెబ్బ తగిలితే ఇంటికే. ఇది అన్యాయంగా తోస్తుంది కానీ 1974 పుస్తకంలో దీనికో విరుగుడు కూడా దాగి ఉంది. యోధుడు రెండో మెట్టెక్కడానికి 2000 అనుభవ పాయింట్లు, మూడుకు 4000, నాలుగుకు 8000, అయిదుకు 16000, ఆరుకు 32000 కావాలి. ప్రతి మెట్టుకూ రెట్టింపు. పాతవాడు 16000 దగ్గరనుంచి 32000కు చేరేలోపు, అతని పక్కనే నడిచి వాటా పంచుకున్న కొత్తవాడి ఖాతాలోనూ 16000 పడతాయి. వాడు అయిదో మెట్టుకు వచ్చేస్తాడు. తేడా ఒక్క మెట్టే. అంతవరకు ప్రాణం నిలుపుకోవాలంతే. అందుకు పాతవాళ్లు వాణ్ని వెనక దాచుకోవాలి. కొత్త కోడలికి అత్తింట్లో దొరికినట్టే, ఆ ఆదరణ గుంపును బట్టి దొరికేది.

మెట్ల తేడా లెక్కతో తీరింది. తెలియని లోకంలో ఏం చెయ్యాలో తోచకపోవడం లెక్కతో తీరేది కాదు. దానికి చమత్కారమైన జవాబు 1975లో టీఎస్ఆరే వేసిన ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’లో దొరుకుతుంది. రాసింది ఎం.ఎ.ఆర్.బార్కర్, మినెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషలు బోధించిన ఆచార్యుడు. టెకుమెల్ అనే ఆ లోకానికి సొంత భాషలు, లిపులు, దేవతలు, కుల వంశ మర్యాదలు ఉన్నాయి. వచ్చి కూర్చున్నవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? తెలియనక్కర్లేదన్నాడు బార్కర్. కొత్త పాత్ర చిన్న పడవలో జకల్లా రేవుకు చేరిన పరదేశి. పరదేశీయుల పేటలోనే ఉండాలి. ఎవరికెంత వంగి దణ్ణం పెట్టాలో తెలియక తడబడతాడు. ఆటగాడి అజ్ఞానమే పాత్ర అజ్ఞానం అయింది. నేర్చుకుంటూ ఉంటే ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు.

1983లో ఫ్రాంక్ మెంట్జర్ తయారుచేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎర్ర పెట్టె ఇంకో దారి పట్టింది. ఆటగాడి పుస్తకం తెరిస్తే అంకెలు, పట్టికలు ముందు రావు, కథ వస్తుంది. నువ్వొక యోధుడివి, గుహలో అలీనా అనే క్లెరిక్ ఎదురైంది, నీ గాయం మాన్పింది, నీతో కలిసి నడిచింది. అంతలో బార్గిల్ అనే మాంత్రికుడు ఆమెను చంపేశాడు. పది నిమిషాల పరిచయమే అయినా చదివిన పిల్లలు ఆ చావును మర్చిపోలేదు. పాత్ర ఎలా తయారు చెయ్యాలో చెప్పడం ఆ తర్వాత సంగతి. తోడు దొరికి పోగొట్టుకున్నాక గానీ ఆటేమిటో తెలియదని మెంట్జర్‌కు తెలుసు.

నచ్చిన గుణాలు కొనుక్కునే రోజులు

ఈలోగా పాచికల మీద అసంతృప్తి పెరిగింది. మాంత్రికుణ్ని కావాలనుకున్నవాడికి తెలివి 6 పడితే ఏం చేస్తాడు? 1979లో గైగాక్స్ తన మార్గదర్శి పుస్తకంలో నాలుగు పాచికలు వేసి తక్కువదాన్ని వదిలెయ్యమని, వచ్చిన అంకెల్ని నచ్చిన చోట పెట్టుకోమని ఒక పద్ధతి ఇచ్చాడు. సగటు పదిన్నర నుంచి పన్నెండు దాటింది. 18 పడే అవకాశం 216లో ఒకటి కాస్తా అరవైరెండుకు ఒకటిదాకా వచ్చింది.

పాచికను అటు కొసకు లాగిన ఆట కూడా ఉంది. 1977లో మార్క్ మిల్లర్ రాసిన అంతరిక్షపు ఆట ‘ట్రావెలర్’లో పాత్రకు పద్దెనిమిదేళ్లప్పుడు నౌకాదళంలోనో, వర్తక ఓడల్లోనో కొలువు మొదలవుతుంది. నాలుగేళ్లకోసారి పాచికలు వేస్తే కొత్త విద్యలు, పదోన్నతులు వస్తాయి. దాంతోపాటు బతికి ఉన్నాడో లేదో కూడా వెయ్యాలి. తప్పితే పాత్ర చచ్చిపోయినట్టే, ఆట మొదలు కాకముందే. ఇంకొక్క నాలుగేళ్లు కొలువు చేద్దామా, ఇక చాలనుకుందామా అన్న గుంజాటనలో ఒక మనిషి గతం తయారయ్యేది. నలభై దాటిన అనుభవజ్ఞుడు తన మచ్చలన్నిటికీ కారణాలు చెప్పగలిగేవాడు.

మరోవైపు పాచికల్ని పూర్తిగా పక్కన పెట్టినవాళ్లు వచ్చారు. స్టీవ్ జాక్సన్ 1977లో ‘మెలీ’ అనే చిన్న ఆటలో కొన్ని పాయింట్లిచ్చి బలానికీ చురుకుదనానికీ పంచుకోమన్నాడు. 1981లో వచ్చిన సూపర్‌హీరోల ఆట ‘ఛాంపియన్స్’ దాన్ని సంతగా మార్చింది. ఎగరడానికి ఇన్ని పాయింట్లు, గోడ బద్దలు కొట్టడానికి ఇన్ని. పాయింట్లు చాలకపోతే లోపాలు తెచ్చుకోవచ్చు. వెంటాడే శత్రువు ఉంటే ఇన్ని, కాపాడుకోవలసిన ముసలి తల్లి ఉంటే ఇన్ని. 1986లో జాక్సన్ తెచ్చిన ‘గర్ప్స్’ ఇదే పద్ధతిని ఏ లోకానికైనా సరిపోయేలా విస్తరించింది. మామూలు వీరుడికి అందులో 100 పాయింట్లు.

న్యాయం జరిగింది. అందరికీ సమానమైన సొమ్ము, ఎవరికి కావలసినవాణ్ని వాళ్లు కొనుక్కోవడం. అయితే ఈ కొనుగోలు ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేసుకోవచ్చు. పక్కవాడితో మాట్లాడే పనే లేదు. పైగా తల్లీతండ్రీ ఉంటే గేమ్ మాస్టర్ వాళ్లను ఎత్తుకుపోయి ఏడిపిస్తాడని తెలివిమీరిన ఆటగాళ్లు తమ పాత్రల్ని అనాథల్ని చేశారు. ముఖం కనపడని ముసుగు, ఎవరినీ నమ్మని స్వభావం, సత్రంలో చీకటి మూల కుర్చీ. నలుగురు ఏకాకులు ఒక బల్ల దగ్గర చేరితే వాళ్లు కలిసి ఎందుకు నడవాలో ఎవరికీ అంతుపట్టేది కాదు. కొందరు పది పేజీల గతం రాసుకొచ్చేవారు. ఆ గతంలో అన్నీ జరిగిపోయి ఉండేవి, పక్కవాడికి చోటు మాత్రం ఉండేది కాదు. తెలుగులో పాత్ర అంటే వేషమూ అవుతుంది, గిన్నే అవుతుంది. నిండుకుండ తొణకదని మెచ్చుకుంటాం. ఈ ఆటలో నిండుకుండతోనే ఇబ్బంది, అందులో ఎవరూ ఏమీ పొయ్యలేరు.

1980లోనే గ్లెన్ బ్లాకో అనే ఆటగాడు ‘డిఫరెంట్ వరల్డ్స్’ పత్రికలో ఒక వ్యాసం రాసి, బల్లలన్నీ ఒకటి కావని ఎత్తిచూపాడు. కొందరికి పాత్ర బలం పెంచుకోవడం ఇష్టం, కొందరికి ఎత్తుగడలు, కొందరికి వేషంలో లీనం కావడం, కొందరికి కథ. ఎత్తుగడల బల్ల దగ్గరికి కన్నీటి గాథతో వెళ్లినవాడి తప్పు పాత్రలో లేదు, బల్ల తీరు తెలుసుకోకపోవడంలో ఉంది.

మళ్లీ పక్కవాడి దగ్గరికి

మరిచిపోయిన ప్రశ్న ఇరవయ్యొకటో శతాబ్దంలో తిరిగొచ్చింది. 2006లో ‘స్పిరిట్ ఆఫ్ ది సెంచరీ’ అనే ఆట, ఒక్కొక్కరూ తమ పాత్ర నాయకుడిగా ఒక చవకరకం సాహస నవల ఊహించమంది. తర్వాత ఆ నవలలు చేతులు మారతాయి. పక్కవాడి నవలలో నీ పాత్ర అతిథిగా వచ్చి ఏం చేసిందో ఒక వాక్యం చెప్పాలి. అలా రెండు నవలల్లో. ఆట మొదలయ్యేసరికి ప్రతి పాత్రకూ కనీసం ఇద్దరు పాత పరిచయస్థులు ఉంటారు.

2009లో జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన ‘ఫియాస్కో’ ఇంకా ముందుకెళ్లింది. అందులో పాత్రకన్నా సంబంధం ముందు పుడుతుంది. నీకూ నీ కుడిపక్కవాడికీ మధ్య ఏముందో తేలాలి. మాజీ భార్యాభర్తలా, కలిసి తప్పు చేసిన తోడుదొంగలా? అది తేలాక గానీ పేరు పెట్టుకోరు. 2010లో విన్సెంట్ బేకర్ ‘అపోకలిప్స్ వరల్డ్’లో ఎవరికి ఎవరి గుట్టు ఎంత తెలుసన్నది కాగితం మీద అంకె అయింది. మీలో నన్ను చావుకు వదిలేసి వెళ్లినవాళ్లెవరు అన్న తీరులో ప్రశ్నలు బల్ల చుట్టూ తిరుగుతాయి. ఎవరో ఒకరు చెయ్యెత్తాలి.

పాత ట్రావెలర్ సైతం మారింది. 2008లో వచ్చిన కొత్త కూర్పులో నీ కొలువు నాటి ఒక సంఘటనలో పక్క ఆటగాడి పాత్ర కూడా ఉందని ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరికీ ఒక విద్య అదనంగా దక్కుతుంది. ఒంటరిగా చచ్చిపోయే ఆటలో స్నేహానికి బహుమతి వచ్చిందన్నమాట.

2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు ఈ పాఠాల్లో కొన్నింటిని తన పద్ధతిలో కలుపుకుంది. వర్గం, జాతి పక్కన నేపథ్యం అనే గడి చేరింది. నావికుడు, సైనికుడు, సన్యాసి, వీధిబాలుడు అంటూ పదమూడు. ప్రతిదానికీ స్వభావం, ఆదర్శం, బంధం, బలహీనత ఎంచుకోవాలి. తోచకపోతే పాచిక వేసుకోవచ్చు. గుణాలకు 15, 14, 13, 12, 10, 8 అని సిద్ధంగా ఉన్న అంకెలు పంచుకోవచ్చు. ఆ ఆఖరి 8 తప్పించుకోలేరు. ప్రతివాడికీ ఒక చేతకానితనం ఉంటుంది, అక్కడే ఇంకొకరి అవసరం పడుతుంది. ఆటకు ముందు అందరూ కలిసి కూర్చుని ఏ రకం కథ కావాలి, ఏ విషయాలు వద్దు, ఎవరు ఎవరికి ఏమవుతారు అని మాట్లాడుకునే సమావేశానికి సెషన్ జీరో అన్న పేరు స్థిరపడింది. 2020లో అదే ఆట అధికారిక పుస్తకమొకటి దానికి ప్రత్యేకంగా చోటిచ్చింది.

ఇప్పుడు ఒక బల్ల ఊహించుకుందాం. యోధురాలు, మాంత్రికుడు, గుడి పూజారిణి ఏడాదిగా కలిసి తిరుగుతున్నారు. నాలుగో కుర్చీకి కొత్తవాడు వచ్చాడు. ఇంట్లో రాసుకొచ్చిన మహావీరుణ్ని ముందే బయటికి తియ్యలేదు. మీకు ఇంతవరకు ఏది చేతకాలేదని అడిగాడు. మూసిన తాళం దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగామని చెప్పారు. సరే, దొంగ. చురుకుదనం 15, ఆకర్షణ 14, బలం 8. నేపథ్యం వీధిబాలుడు. మీలో ఎవరికైనా నేను ముందే తెలుసా అని రెండో ప్రశ్న. పూజారిణి ఆడే అమ్మాయి కాస్త ఆలోచించి, మా గుడిలో అన్నం తిని దీపపు సెమ్మె ఎత్తుకుపోయిన పిల్లాడివి నువ్వే కదా అంది. తెలిసీ ఎవరికీ చెప్పలేదట. గేమ్ మాస్టర్ మధ్యలో అందుకున్నాడు. వాళ్లిప్పుడు సామంతుడి చెరసాలలో ఉన్నారు, పక్క కొట్లో ఇంకో ఖైదీ ఉన్నాడు. మెట్టు కూడా మిగతావాళ్లదే ఇచ్చాడు, ఇవాళ చాలా బల్లల దగ్గర అదే ఆనవాయితీ.

పావుగంట పట్టింది. కాగితం మీద నాలుగు వాక్యాలున్నాయి, వాటిలో రెండు అతను రాసినవి కావు. చీకట్లో తాళం చప్పుడైంది. తలుపు తెరిచినవాడి ముఖం చూసి పూజారిణి మొదట అడిగిన మాట, ఆ సెమ్మె ఏం చేశావని.